చదువుకి ఉచితం, కాటాకి కాదు

ఫిబ్రవరి ఆఖరుకొచ్చేసరికి మా తెనాలి చుట్టుపక్కల మినుము ఇళ్లకి చేరుద్ది. వరి కోతకి ముందే చేలో పదును చూసి చల్లేసే మాగాణి మినుము. మూడేళ్ల కిందట సరిగ్గా ఆ రోజుల్లోనే, నాకు తెలిసినాయన పప్పు మిల్లు ముందు ట్రాక్టర్లు బారులు తీరి ఆగిపోయినై. కాటా బాగానే ఉంది. కరెంటు ఉంది. గుమాస్తా కుర్చీలోనే ఉన్నాడు. కంప్యూటరు మాత్రం కొత్త లోడు ఎక్కించుకోనంటంది. పాత లెక్కలు అడిగితే చూపిస్తంది, కొత్తది ఒక్క గీత కూడా రాయనంటంది.

"సిస్టమ్ పడిపోయింది, రేపు రండి" అని రైతులకి చెప్పారు. కొల్లూరు అవతల నించి వచ్చిన ఒక పెద్దాయన నన్ను చూసి, "ఏందబ్బాయ్, పుస్తకంలో రాసుకునే రోజుల్లో పుస్తకం ఎప్పుడూ పడిపోలేదే?" అన్నాడు. అడగాల్సిన మాటే. నిరుడు ఆయనకి రావాల్సిన బాకీ కూడా ఆ కంప్యూటర్లోనే ఉంది మరి.

నన్నెందుకు పిలిచారంటే, నాకు కంప్యూటరు తెలుసని ఊళ్లో ఒక పేరు పడిపోయింది. నేనేం ఇంజినీరింగ్ చదవలేదు. విజయవాడ లెనిన్ సెంటర్లో పాత పుస్తకాలు కొనుక్కొచ్చి, అర్థం కానిది నాలుగుసార్లు చదివి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నోణ్ణి. మీటింగులు, ధర్నాలు, కరపత్రాలు నా అసలు పని. ఆ రోజు ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నాక మాత్రం, ఇది కూడా కరపత్రం వేయాల్సిన సంగతే అనిపించింది. కరపత్రం ఇంత పొడుగు పట్టదు గనక ఇక్కడ రాస్తన్నా.

లోపల చూస్తే మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉంది, ఎక్స్‌ప్రెస్ ఎడిషన్. డేటాబేస్ అంటే ఏందో ఒక్క ముక్కలో చెప్తా: మీ సాఫ్ట్‌వేర్ తెర మీద కనపడేది షాపు ముందుభాగమైతే, డేటాబేస్ వెనక ఉన్న గోడౌను. సరుకంతా అక్కడే ఉంటది. ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉచితం. యాపారానికి కూడా ఉచితమే, అందులో తప్పేం లేదు. కానీ ఆ గోడౌనుకి ఒక కొలత ఉంది. 2008 ఆర్2 వెర్షన్ నించి 2022 వెర్షన్ దాకా ఒక్కో డేటాబేస్‌కి 10 జీబీ. అది నిండితే ఇంక బస్తా పట్టదు.

పప్పు మిల్లు లెక్కలు 10 జీబీ అవుతయ్యా అంటే, ఉత్త అంకెలైతే మన జీవితకాలంలో అవ్వవు. ఇక్కడ జరిగిందేందంటే, కాటా ఎక్కిన ప్రతి ట్రాక్టర్‌కీ కెమెరాతో ఫొటో తీసి, ఆ ఫొటోని కూడా డేటాబేస్ లోపలే కూర్చోబెట్టారు. రోజుకి వంద ఫొటోలు. నాలుగు సీజన్లు గడిచేసరికి గోడౌను ఫొటోలతో నిండిపోయింది.

ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఈ చుట్టుపక్కలే ఇంజినీరింగ్ చదివిన కుర్రాడు. ఫైనలియర్ ప్రాజెక్టుకి రాసుకున్నదాన్నే కాస్త మార్చి మిల్లుకి ఇచ్చాడు. తెలివైనవాడు, మాట మంచిది. మర్నాడు పొద్దున్నే వచ్చి గంటలో సమస్య తీర్చేశాడు. ఎట్టా తీర్చాడంటే, ఎక్స్‌ప్రెస్ తీసేసి అదే కంపెనీ డెవలపర్ ఎడిషన్ ఎక్కించాడు. అది కూడా ఉచితమే. పైగా కొలతే లేదు, పెద్ద కంపెనీలు లక్షలు పోసి కొనే వెర్షన్లో ఉన్న హంగులన్నీ అందులో ఉన్నై. ట్రాక్టర్లు కదిలినై. మిల్లాయన కుర్రాడికి రెండు వేలు చేతిలో పెట్టి టిఫిన్ పెట్టించి పంపాడు. ఆ పూట నేనూ ఏం మాట్టాడలేదు. మాట్టాడాల్సింది.

ఏడాది తిరిగాక మిల్లు నించి ప్యాకెట్ పప్పు కొనే ఒక పెద్ద కంపెనీ ఆడిటర్లని పంపింది. శుభ్రత కాయితాలు, కార్మికుల కాయితాలు అయ్యాక, సాఫ్ట్‌వేర్ లైసెన్సు కాయితాలు అడిగారు. మిల్లాయన కుర్రాడికి ఫోన్ చేసి, "ఉచితం అన్నావు గదరా?" అని గట్టిగా అరిచాడు. "ఉచితమే సార్, వాళ్ల సైట్లో నించే దింపాను" అన్నాడు కుర్రాడు. ఇద్దరూ నిజమే చెప్తన్నారు. ఇద్దరూ ఇరుక్కున్నారు.

డెవలపర్ ఎడిషన్‌కి ఉన్న షరతు ఇది: దాని మీద ప్రోగ్రాములు రాసుకోవచ్చు, పరీక్షించుకోవచ్చు, చూపించుకోవచ్చు. నిజమైన పనికి, అంటే నిజమైన రైతు నిజమైన బస్తాలు తూచే పనికి వాడకూడదు. ఒరాకిల్ కంపెనీ డెవలపర్లకి ఇచ్చే లైసెన్సులోనూ ఇట్టాంటి గీతే ఉంది. అదే ఒరాకిల్ ఉచితంగా ఇచ్చే ఎక్స్‌ప్రెస్ వెర్షన్ని మాత్రం పనికి కూడా వాడుకోవచ్చు, కానీ 21సీ వెర్షన్లో డేటా 12 జీబీ దాటకూడదు, మెమరీ 2 జీబీ దాటకూడదు. అంటే ఒకే కంపెనీ రెండు రకాల ఉచితాలు ఇస్తంది. ఒకటి చేయి కట్టేసిన ఉచితం, పనికి వాడుకో. రెండోది చేతులు వదిలేసిన ఉచితం, పనికి వాడకు. కుర్రాళ్లు రెండింటినీ కలిపేసుకుంటన్నారు.

వాళ్లని తిట్టి లాభం లేదు. కాలేజీ ల్యాబులో అన్ని హంగులూ ఉన్నదాని మీదే నేర్పుతారు. అది చదువుకి ఇచ్చిన కాపీ అని, గేటు దాటితే రూలు మారుద్దని ఒక్క క్లాసులో కూడా చెప్పలేదని ఆ కుర్రాడు నాతో అన్నాడు. కంపెనీలకి కావాల్సిందీ అదే గదా. నాలుగేళ్లు ఒకదానికి అలవాటు చేస్తే, బయటికొచ్చాక చేయి అటే పోద్ది.

మన ప్రాంతం వాళ్లకి దీన్ని అర్థం చేయించడానికి నేను ఎప్పుడూ బోటు గ్రంథాలయం సంగతే చెప్తా. పెదపాలెం పాతూరి నాగభూషణం గారు 1935లో మా కాలవ మీద, పెదవడ్లపూడి నించి కొల్లూరు దాకా బోటులో పుస్తకాలు నడిపించారు. ఊరూరికీ బోటు ఆగడం, జనం పుస్తకం తీసుకోవడం, చదివి తిరిగివ్వడం. చదవడానికి పైసా లేదు. బాగుంది. ఇప్పుడు ఒకాయన ఆ పుస్తకం తీసుకుని, తెనాలిలో ప్రెస్సుకి ఇచ్చి, వెయ్యి కాపీలు అచ్చేసి అమ్ముకున్నాడనుకోండి. "నాకు ఉచితంగానే ఇచ్చారుగా" అంటే చెల్లుద్దా? చదవడానికిచ్చిన అనుమతి వేరు, యాపారానికిచ్చే అనుమతి వేరు. పుస్తకం చేతిలో ఉండటం, హక్కు చేతిలో ఉండటం ఒకటి కాదు. అచ్చు యాపారం చూసిన తెనాలోళ్లకి ఇది ఇట్టే ఎక్కుద్ది.

సాఫ్ట్‌వేర్ కూడా మన చట్టం లెక్కలో పుస్తకం లాంటిదే. 1957 కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రాముని సాహిత్య రచనగానే చూస్తంది. ఆ చట్టంలో 63బి అనే సెక్షన్ ఉంది. అక్రమ కాపీ అని తెలిసి కూడా కంప్యూటర్లో వాడితే వారం రోజుల నించి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నించి 2 లక్షల దాకా జరిమానా. దాని కిందే ఇంకో మాట ఉంది: లాభం కోసం గానీ యాపారంలో గానీ వాడలేదని తేలితే, జైలు లేకుండా 50 వేల లోపు జరిమానాతో కోర్టు వదిలేయొచ్చు. అంటే చదువుకునేవాణ్ణి ఒక కంటితో, కాటా నడిపేవాణ్ణి ఇంకో కంటితో చూడమని చట్టమే అంటంది. డెవలపర్ ఎడిషన్ని పనికి వాడటం అచ్చంగా ఈ సెక్షన్ కిందికొస్తదా, లేక ఉత్త ఒప్పందం ఉల్లంఘనా అనేది లాయర్లు వాదించుకునే సంగతి. మిల్లాయనకి మాత్రం ఆర్డరు పోతే చాలు, జైలు దాకా అక్కర్లేదు.

ఇదంతా కంపెనీల ఉచితం. యూనివర్సిటీల్లో, సంస్థల్లో పుట్టిన సాఫ్ట్‌వేర్ సంగతి ఇంకా తికమక. అక్కడ "పరిశోధనకి మాత్రమే", "లాభాపేక్ష లేని పనికి మాత్రమే" అనే మాటలు తరచూ తగుల్తయ్. పాతకాలం లైబ్రేరియన్లకి యునెస్కో వారి సీడీఎస్ ఐసిస్ గుర్తుండే ఉంటది. పర్సనల్ కంప్యూటర్లకి 1985లో వచ్చింది. మన దేశంలో నిస్సాట్ ద్వారా పంచారు. లైబ్రరీలకి, లాభం చూసుకోని సంస్థలకి ఉచితం. ఎన్నో చిన్న లైబ్రరీలు దాంతోనే కంప్యూటరు ముఖం చూసినై. కానీ దాన్ని తీసుకొచ్చి మీ పుస్తకాల షాపులో పెట్టుకోవడానికి ఇచ్చింది కాదది. అట్టాగే అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు మినీబేస్ అని ఒకటి కట్టారు, డేటాబేస్ లోపల ఎట్టా ఉంటదో పిల్లలు విప్పి చూసుకోవడానికి. మెడికల్ కాలేజీలో అస్థిపంజరం లాంటిది. దాన్ని లేపి పొలం పనికి పంపలేం.

అయితే యూనివర్సిటీలో పుట్టిందేదీ యాపారానికి పనికిరాదా? ఇక్కడే నాకు బాగా ఇష్టమైన కథ ఉంది. కాస్త నిదానంగా చెప్తా.

1973లో కాలిఫోర్నియాలోని బర్కిలీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ అనే ఇద్దరు ప్రొఫెసర్లు ఇంగ్రెస్ అనే డేటాబేస్ మొదలెట్టారు. దాని కోడుని టేపుల మీద ఎక్కించి, నామమాత్రం రుసుముకి అడిగినోళ్లకల్లా పంపేవాళ్లు. ఆ ల్యాబు నించి ఎన్ని కంపెనీలు పుట్టినయ్యో చూడండి. స్టోన్‌బ్రేకర్ వాళ్లే 1980లో ఒక కంపెనీ పెట్టారు. ఇంగ్రెస్‌లో పనిచేసిన రాబర్ట్ ఎప్‌స్టైన్ తర్వాత సైబేస్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు. ఆ సైబేస్ కోడు మీద మొదలైందే మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్. అంటే మా మిల్లులో ఆగిపోయిన ఆ డబ్బాకి కూడా బర్కిలీతో ఎక్కడో దూరపు చుట్టరికం ఉంది.

1986లో స్టోన్‌బ్రేకర్ బృందం ఇంగ్రెస్ తర్వాతది అనే అర్థంలో పోస్ట్‌గ్రెస్ కట్టడం మొదలెట్టింది. ఇది పక్కా పరిశోధన. అందులో వాళ్లకి ముద్దొచ్చిన ఆలోచన ఒకటుంది: పాత రికార్డుని ఎప్పుడూ చెరపకూడదు, మార్చిన ప్రతిసారీ కొత్తది పక్కన రాయాలి, అప్పుడు నిన్న డేటా ఎట్టా ఉందో, పోయినేడు ఎట్టా ఉందో వెనక్కెళ్లి చూడొచ్చు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు కాలప్రయాణం. వినడానికి ఎంత బాగుందో. 1989లో బయటివాళ్లకి కొందరికి ఇచ్చారు. విమానం ఇంజన్లని గమనించే పనికి, గ్రహశకలాల లెక్కకి, వైద్య సమాచారానికి వాడిన వాళ్లున్నారు. 1993 వచ్చేసరికి వాడేవాళ్లు దాదాపు రెట్టింపయ్యారు. అప్పుడు ప్రొఫెసర్లకి తలనొప్పి మొదలైంది. పరిశోధన చేసుకోవాల్సిన టైమంతా వాడేవాళ్ల ఫిర్యాదులు తీర్చడానికే పోతంది. 4.2 వెర్షన్‌తో ప్రాజెక్టు మూసేశారు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. మీ ఆసుపత్రో, మీ విత్తనాల షాపో ఆ 4.2 మీద నడుస్తందనుకోండి. ప్రొఫెసర్ గారు మాకింక ఓపిక లేదని చెప్పి వెళ్లిపోయారు. ఆయన తప్పేం లేదు, ఆయన పని పాఠం చెప్పడం, పరిశోధన చేయడం. కానీ మీ గతేంది? యూనివర్సిటీ సాఫ్ట్‌వేర్ని యాపారంలో పెట్టుకునేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది ఇదే. ఇది ఎంత గొప్పగా పనిచేస్తందని తర్వాత అడగొచ్చు. దీన్ని రాసినోళ్లు వెళ్లిపోతే ఎవరు చూస్తారు, చూడటానికి వాళ్లకి హక్కుందా?

పోస్ట్‌గ్రెస్ బతికింది ఆ హక్కు వల్లే. 1994లో అదే యూనివర్సిటీలో చదువుతున్న ఆండ్రూ యూ, జాలీ చెన్ అనే ఇద్దరు పిల్లలు దానికి ఎస్‌క్యూఎల్ భాష నేర్పారు. పోస్ట్‌గ్రెస్95 అని పేరెట్టి, 1995 సెప్టెంబర్ 5న 1.0 వెర్షన్ వదిలారు. దాంతోపాటు లైసెన్సు కూడా వదులు చేశారు. ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. 1996లో అది యూనివర్సిటీ గేటు దాటింది. కెనడాలో మార్క్ ఫోర్నియర్ అనే ఆయన తన సర్వర్లో చోటిచ్చాడు. అమెరికాలో బ్రూస్ మోమ్‌జియన్, రష్యాలో సైబీరియా నించి వదీం మిఖేయెవ్, ఇంకొందరు పనిలో దిగారు. ఒకరి మొహం ఒకరు చూసుకోని మనుషులు. ఆ ఏడాదే పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అని ఇప్పటి పేరు పెట్టుకున్నారు.

వాళ్లు చేసిన పని చూస్తే నాకు ముచ్చటేస్తది. ప్రొఫెసర్లకి ముద్దొచ్చిన కాలప్రయాణాన్ని 1997లో తీసేశారు. దాని బదులు ఏం పెట్టారు? చిట్టా, ఆవర్జా. నిజం, అదే. మన పాత షావుకార్లు ఏ లావాదేవీ అయినా ముందు చిట్టాలో రాసి, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించేవాళ్లు. ఆవర్జా ఎక్కించేటప్పుడు దీపం ఆరిపోయినా చిట్టా ఉంటది గనక లెక్క పోదు. డేటాబేస్‌లోనూ అంతే. మార్పుని ముందు చిట్టాలో రాయాలి, తర్వాతే అసలు చోట మార్చాలి. మధ్యలో కరెంటు పోతే, తిరిగొచ్చాక చిట్టా చదువుకుని సర్దుకుంటది. ఈ ఏర్పాటు పోస్ట్‌గ్రెస్‌లోకి 2001లో, 7.1 వెర్షన్‌తో వచ్చింది. అప్పటిదాకా ఒక రికార్డులో 8 కేబీకి మించి పట్టేది కూడా కాదు, ఆ కట్టు కూడా ఆ వెర్షన్లోనే తెగింది. విండోస్ కంప్యూటర్ మీద నేరుగా నడిచే వెర్షన్ 8.0, అది 2005 జనవరిలో గానీ రాలేదు. మా మిల్లులో, మీ షాపులో ఉన్నది విండోసే గదా. అంటే 1986లో ల్యాబులో పుట్టినది మన కాటా బల్ల దాకా రావడానికి పద్దెనిమిదేళ్లు దాటింది. మధ్యలో జరిగిందంతా ఎవరికీ పేరు తేని చాకిరీ.

స్టోన్‌బ్రేకర్‌కి 2014 ట్యూరింగ్ అవార్డు వచ్చింది, కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిదది. రావాల్సిందే. కానీ కరెంటు పోయినప్పుడు రైతు లెక్కని నిలబెట్టే చిట్టా రాసినోళ్లలో సైబీరియా ఆయన ఒకడు, ఆయన పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఇప్పుడు పోస్ట్‌గ్రెస్ లైసెన్సు ఒక చిన్న కాయితం. ఏ పనికైనా, రుసుం లేకుండా, విడిగా ఒప్పందం రాసుకోకుండా వాడుకోవచ్చు, కాపీ చేయొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. కాపీరైట్ ముక్క, ఆ షరతుల ముక్క మాత్రం తీసేయకూడదు. చెడిపోతే మాది పూచీ కాదని కింద రాసి ఉంటది. "ఏ పనికైనా" అన్న మాట గమనించండి. చదువుకి అని లేదు, పరిశోధనకి అని లేదు. మన భాషలో ఉచితం అనే మాట, స్వేచ్ఛ అనే మాట వేరువేరుగా ఉన్నందుకు సంతోషించాలి. ఇంగ్లీషోళ్లకి రెండింటికీ ఒకటే మాటై, ముప్పై నలభై ఏళ్ల నించి దాన్ని విడమరిచి చెప్పుకోలేక చస్తన్నారు.

ఇది ఎక్కడో అమెరికా కథ, మనకెందుకనొద్దు. మన హైదరాబాద్‌లోనే న్యూజెన్‌లిబ్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ పుట్టింది. కేశవన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లైబ్రరీ విద్య చెప్తే, వెరస్ సొల్యూషన్స్ అనే కంపెనీ కోడు రాసింది. 2005 మార్చిలో మొదటి వెర్షన్ వచ్చింది. 2008 జనవరి 9న దాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద జనానికి వదిలేశారు. దాని గోడౌను ఏందనుకున్నారు? పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. బర్కిలీ పిల్లలు లైసెన్సు వదులు చేసిన పన్నెండు పదమూడేళ్లకి, దాని మీద కట్టిన తెలుగునేల సాఫ్ట్‌వేర్ కూడా తలుపులు తెరిచింది. రెండు చోట్లా చదువుకి సంబంధించిన పనే, రెండు చోట్లా కాయితం మార్చడమే అసలు మలుపు.

జీపీఎల్ అనగానే మన కుర్రాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, జీపీఎల్ అంటే అమ్ముకోకూడదని అనుకోవడం. అమ్ముకోవచ్చు. ఎక్కించినందుకు, నేర్పినందుకు, బాగుచేసినందుకు కూలి తీసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్‌కే వెల కట్టొచ్చు. కాకపోతే కొన్నవాడికి కోడు కూడా ఇవ్వాలి, వాడు ఇంకొకరికిచ్చినా అడ్డం పడకూడదు. రెండో తప్పు దీనికి ఎదురుగా ఉంటది. మైఎస్‌క్యూఎల్ ఉచిత వెర్షన్ జీపీఎల్ కింద ఉంది. మీ షాపులో మీరు వాడుకున్నంతసేపు ఏ గొడవా లేదు, ఎంత యాపారమైనా చేసుకోండి. కానీ దాన్ని మీ ప్రోగ్రాములో కలిపి, కోడు దాచిపెట్టి, పది మిల్లులకి అమ్మితే అప్పుడు ఒరాకిల్ దగ్గర డబ్బు కట్టి వేరే లైసెన్సు తీసుకోవాల్సిన పరిస్థితి రావొచ్చు. వాడటానికొక రూలు, పంచడానికొక రూలు. పోస్ట్‌గ్రెస్‌లో ఈ పేచీ లేదు. ఎస్‌క్యూఎల్ లైట్ అని ఇంకోటుంది, మీ ఫోన్లో కూడా ఉండే చిన్న డేటాబేస్, దాన్ని రాసినోళ్లు కాపీరైటే వదిలేసుకున్నారు. ఒక్క కంప్యూటర్, ఒక్క మనిషి ఉన్న కొట్టుకి అది చాలు, అంతకన్నా పెద్దది ఎక్కించడం దండగ.

కాయితం ఒకసారి చూసి ఊరుకుంటే కూడా కుదరదు. బర్కిలీలోనే పుట్టిన ఇంకో డేటాబేస్ ఉంది, దాని పేరే బర్కిలీ డీబీ. తర్వాత ఒక కంపెనీ చేతికెళ్లింది, 2006లో ఆ కంపెనీని ఒరాకిల్ కొంది. 2013లో కొత్త వెర్షన్ లైసెన్సుని ఏజీపీఎల్‌కి మార్చారు. అది చానా బిగువైనది, నెట్ మీద సేవ ఇచ్చినా కోడు బయటపెట్టమంటది. పాత వెర్షన్లు పాత షరతుల కిందే ఉంటయ్ నిజమే, కానీ ఏమీ చూసుకోకుండా కొత్తది ఎక్కించేసినోడు తెలియకుండానే కొత్త షరతులోకి నడిచాడు. అప్‌డేట్ నొక్కే ముందు లైసెన్సు ఫైలు తెరవమని నేను కుర్రాళ్లకి చెప్తా. రెండు నిమిషాల పని. ఎవరూ చేయరు, నేనూ సగంసార్లు చేయను.

మళ్లీ మిల్లుకొద్దాం. ఆడిటర్లు నలభై అయిదు రోజులు గడువిచ్చారు. లైసెన్సు కొనేస్తే సరిపోద్దని మిల్లాయన అన్నాడు గానీ, ధర కనుక్కున్నాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు. కుర్రాడు, నేను, గుమాస్తా కూర్చున్నాం. మొదట ఫొటోలన్నీ డేటాబేస్‌లో నించి తీసి మామూలు ఫోల్డర్లో పెట్టాం, డేటాబేస్‌లో ఫొటో ఎక్కడుందో అడ్రసు మాత్రం ఉంచాం. మిగిలిన లెక్కలు ఎంతున్నయ్యో చూస్తే 300 ఎంబీ లేదు! నిజం చెప్పాలంటే మొదట్లోనే ఈ పని చేసుంటే ఆ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్లోనే, ఏ తప్పూ లేకుండా ఉండిపోవచ్చు. కుర్రాడు తల పట్టుకున్నాడు. వాడు డెవలపర్ ఎడిషన్ ఎక్కించిన రోజున నేను పక్కనే నిలబడి ఉన్నా, నాకూ తట్టలేదు.

అయినా పోస్ట్‌గ్రెస్‌కే మారాం. దానికి కారణం వాడే. ఈ సాఫ్ట్‌వేర్‌ని రేపల్లె వైపు రెండు రైస్ మిల్లులకి, బాపట్లలో ఒక ఎరువుల కొట్టుకి ఇస్తానని మాటిచ్చి ఉన్నాడు. ప్రతి చోటా 10 జీబీ భయం, ప్రతి చోటా ఏ ఎడిషన్ ఎక్కించానో గుర్తుపెట్టుకోవడం వాడి వల్ల కాదన్నాడు. న్యాయమే. మార్చడానికి ముప్పై రోజులు పట్టింది. తేదీలు రాసే పద్ధతి తేడా, తెలుగులో రాసిన రైతుల పేర్లు ప్రశ్నార్థకాలై రావడం, ఒక రిపోర్టు కూడికలు తప్పు రావడం. లైసెన్సుకి రూపాయి పెట్టలేదు, కుర్రాడి కూలి మాత్రం పెట్టించాను. మిల్లాయన, "ఉచితమేగా, మళ్లీ డబ్బులేంది?" అన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉచితం బాబాయ్, వాడి అన్నం ఉచితం కాదుగా అన్నా. నసిగి నసిగి ఇచ్చాడు.

ఆఖరి ఆదివారం ఒక పని చేశాం. రాత్రి తీసిన బ్యాకప్‌ని పెన్ డ్రైవ్‌లో పట్టుకొచ్చి, మా ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్‌లో ఎక్కించి చూశాం. బ్యాకప్ రోజూ తీస్తానే ఉన్నామని చెప్పేవాళ్లు ఊళ్లో చానామంది ఉన్నారు, దాన్ని తిరిగి ఎక్కించి చూసినోణ్ణి మాత్రం నేను ఆ రోజు దాకా చూడలేదు. ఎక్కింది. కొల్లూరు అవతల పెద్దాయన ఖాతా తీశాం. ఎన్ని బస్తాలు, ఏ తేదీ, ఎంత ముట్టింది, ఎంత బాకీ. ఆ బాకీ ఇంకా అట్టాగే ఉంది! సోమవారం మిల్లాయనకి ఆ కాయితం ప్రింట్ తీసి చూపిస్తే, సిస్టమ్ గొడవలో పడి మర్చిపోయామన్నాడు. ఆ వారంలో పైకం ముట్టింది.

ఆడిటర్లు మళ్లీ వచ్చినప్పుడు లైసెన్సు కాయితం అంటే పోస్ట్‌గ్రెస్ వాళ్ల షరతుల పేజీ ప్రింట్ తీసి ఇచ్చాం. ఒకటే పేజీ. వాళ్లు దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇంతేనా?" అన్నారు. ఇంతే.

గుమాస్తా మాత్రం ఇప్పటికీ ప్రతి లోడునీ కంప్యూటర్లో ఎక్కించాక, పక్కనే లాంగ్ నోట్‌బుక్కులో కూడా రాస్తానే ఉన్నాడు. నేను వద్దనలేదు.